అప్పీలు గుండయ్య

గెలిచేవాళ్ల పక్కన నిలబడటం గుండయ్యకు చేతకాదు. మనిషిలో ఉన్న లోటు అదొక్కటే, మిగతాదంతా బంగారం. శాలిబండ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణం, గుండ్రటి పొట్ట, పొట్టకు తగ్గ నవ్వు. కానీ ఎక్కడైనా నలుగురు వాదించుకుంటున్నారని చెవిన పడితే చాలు, గల్లా వదిలేసి వెళ్లి, ఓడిపోతున్నవాడి భుజం మీద చెయ్యేస్తాడు. వేసి, రోడ్డవతలికి వినబడేలా అరుస్తాడు: "నేను అప్పీలుకు పోతున్న!"

ఆ ఓడిపోతున్నవాడు కాస్త పుంజుకున్నాడా, అంతే. గుండయ్య చెయ్యి అక్కణ్నుంచి లేచి అవతలివాడి భుజం మీద వాలుతుంది.

ఇన్నేళ్ల కాపురంలో సావిత్రమ్మకు మొగుడి కోపం అలవాటైంది, గురక అలవాటైంది. ఈ అప్పీలు మాత్రం అలవాటు కాలేదు. ప్రతిసారీ కొత్తగా గుండె ఝల్లుమనేది.

సొంత తమ్ముడి కూతురి నిశ్చితార్థంలో ఏం చేశాడో చూడండి. పంతులు ముహూర్తం చెప్పాడు. పిల్ల తరఫువాళ్లు సరేనన్నారు, పిల్లగాడి తరఫువాళ్లు సరేనన్నారు, ఫొటోగ్రాఫరు కూడా తల ఊపాడు. అంతమంది ఒక్క మాట మీద ఉండేసరికి గుండయ్యకు ఊపిరాడలేదు.

"ఆగుండ్రి పంతులూ. ఈ ముహూర్తం తరఫున ఇంతమంది మాట్లాడుతున్నరు. మరి మిగతా ముహూర్తాల గతేంది? వాటి తరఫున ఎవరున్నరు? నేను అప్పీలుకు పోతున్న!"

సావిత్రమ్మ చేతిలోని తాంబూలం పళ్లెం జారి వియ్యపురాలి కాలి మీద పడింది.

ఇంకోసారి స్నేహితుడొకడు మలక్‌పేటకు గుర్రప్పందాలు చూపించడానికి తీసుకుపోయాడు. ఆ స్నేహితుడు నమ్ముకున్న గుర్రం అందరికంటే ముందు వచ్చింది. గుండయ్య దాన్ని చూడనే లేదు. అందరికంటే వెనక రొప్పుకుంటూ వస్తున్న గుర్రం కోసం లేచి నిలబడి, "శాబాష్ బిడ్డా, ఫికర్ చెయ్యకు, అప్పీలు చేద్దాం!" అని చప్పట్లు కొట్టాడు. ఆ స్నేహితుడు ఇప్పటికీ రోడ్డు దాటేటప్పుడు దుకాణం వైపు చూడడు.

దుకాణానికి ఎదురుగా చాయ్ హోటలుంది. అందులో గోడకు టీవీ, టీవీ కింద రెండు బల్లలు. కుడివైపు బల్ల నగేష్‌ది. కరెంటాఫీసులో లైన్‌మన్. ఎడమవైపు బల్ల డానియేలుది. నీళ్ల బోర్డులో పని, చర్చిలో పెద్ద. టీవీలో ఏ కోర్టు ఏ తీర్పు చెప్పినా ఈ రెండు బల్లలూ రెండు పార్టీలైపోయేవి.

పెళ్లికాని ఆడపిల్లకు కూడా గర్భం తీయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పిన రోజు హోటల్ కప్పు లేచిపోయింది.

"మస్తు చెప్పిన్రు," అని నగేష్ బల్ల గుద్దాడు. "ఆడపిల్ల ఒళ్లు, ఆడపిల్ల ఇష్టం. నడుమ మనమెవరం?"

"ప్రాణం ఇచ్చేటోడు దేవుడు," అన్నాడు డానియేలు. "తీసే హక్కు కోర్టుకు ఎవరిచ్చిన్రు?"

ఆ పూట డానియేలు బల్ల దగ్గర డానియేలు ఒక్కడే ఉన్నాడు. గుండయ్య సాసర్లో చాయ్ పోసుకుని, సాసరుతో సహా వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. "డానియేలన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు సచ్. నేను అప్పీలుకు పోతున్న!" కాసేపటికి చర్చినుంచి డానియేలు దోస్తులు గుంపుగా వచ్చారు. ఎడమ బల్ల నిండిపోయింది. గుండయ్య సాసరు ఎత్తుకుని, ఒక్క చుక్క ఒలకకుండా, కుడి బల్లకు నడిచాడు. "నగేష్ చెప్పింది నూటికి నూరుపాళ్లు సచ్!"

"సేటూ, నువ్వు ఏ పార్టీ?" అని హోటల్ యజమాని తల పట్టుకున్నాడు.

సర్కారు బడిలో ప్రార్థన లొల్లి వచ్చినప్పుడూ ఇదే తంతు. గల్లీ చివరి బడిలో పొద్దున్నే పిల్లలు చేతులు జోడించి ఒక పాత ప్రార్థనా గీతం పాడతారు. మా పిల్ల చేతులెందుకు జోడించాలని ఒక తండ్రి అడిగాడు. అంతే. "సర్కారు బళ్లె దేవుని పాటేంది, రాజ్యాంగం ఒప్పుకోదు," అని ఎడమ బల్ల. "దండం పెట్టుడు మన పద్ధతి, ఏ కోర్టు ఆపుతదో చూస్తం," అని కుడి బల్ల. గుండయ్య సాసరు ఆ వారమంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. దుకాణంలోంచి చూస్తూ సావిత్రమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏందయ్యా, నీకంటూ ఒక ముచ్చట లేదా?" అని అడిగితే, "ఉన్నది. అందరికి మస్తు కోపం తెప్పించే ముచ్చట," అన్నాడాయన, బువ్వ కలుపుకుంటూ.

ఇలా నడుస్తుండగా స్వీటీ వచ్చింది.

స్వీటీ డానియేలు కూతురు. పెళ్లయి ఏడాది దాటింది, ఐదో నెల. గల్లీలో ప్రతి గడపా తన ఇల్లే అనుకునే పిల్ల. సావిత్రమ్మ చేతుల్లోనే పెరిగింది. ఈసారి పుట్టింటికి వచ్చిన పిల్ల ఆటో దిగి ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయింది. తల్లి బేబీ పెరటి తలుపు దగ్గరకొచ్చి సావిత్రమ్మతో చెప్పింది.

"స్కానింగుల తేలిందక్కా. బిడ్డకు తల పైభాగమే ఏర్పడలేదంట. పుట్టినా బతకదంట. పెద్ద డాక్టర్లు ముగ్గురు చూసి అదే చెప్పిన్రు. తీసెయ్యాలన్నరు. పిల్ల, అల్లుడు ఇద్దరూ కూసోని ఏడ్చుకుంట ఒప్పుకున్నరు."

"డానియేలన్న ఏమన్నడు?"

"ఏమంటడు? బైబిల్ ముందట పెట్టుకున్నడు. తెరుస్తలేడు, మూస్తలేడు."

సావిత్రమ్మ బేబీ చెయ్యి పట్టుకుని అక్కడే గడప మీద కూలబడింది.

పక్కింటి ఆండాలుకు గోడలోంచి వినబడింది. ఆండాలుకు వినబడిందంటే గల్లీకి వినబడినట్టే. సాయంత్రానికి హోటల్లో రెండు బల్లలూ నిండిపోయాయి. డానియేలు మాత్రం లేడు. సావిత్రమ్మ గల్లా దగ్గర నిలబడి విన్నది.

"ఇప్పుడేమంటడు డానియేలు?" నగేష్ గొంతులో గెలుపు ఉంది. "మొన్న దేవుడన్నడు గదా. తన బిడ్డదాకా వస్తే కోర్టు కావాల్నా?"

"పెద్దమనిషి ఇంట్లనే గిట్లైతే చర్చిల ఏం ముఖం పెట్టుకొని మాట్లాడాలె?" ఎడమ బల్లలో ఒకాయన.

"డాక్టర్లు తప్పు చెప్తరు. మా మేనత్త బిడ్డకు గట్లనే చెప్పిన్రు."

"నీ మేనత్తకు ఏం తెల్సు?"

మూడిళ్ల అవతల పిల్ల దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది. ఇక్కడ ఆ పిల్ల కడుపు మీద ఓట్లు పడుతున్నాయి. గుండయ్య సాసరు చేతిలో పట్టుకుని రెండు బల్లల నడుమ నిలబడ్డాడు. దేవుడా, ఈ మనిషి ఇవాళ కూడా అటో ఇటో పోయి అప్పీలంటాడా? అంటే ఇంట్లోకి రానివ్వనని సావిత్రమ్మ అప్పుడే నిశ్చయించుకుంది.

గుండయ్య చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. సాసరు బల్ల మీద బోర్లించాడు.

"అది కాదు గని, బళ్లె ప్రార్థన సంగతి నేను తేల్చేసిన," అన్నాడు. "ప్రార్థన మొత్తానికే వద్దు. ఏ దేవునిదీ వద్దు. పిల్లలు చేతులు జోడించి, కండ్లు మూసుకొని, పదమూడో ఎక్కం పాడాలె."

రెండు బల్లలూ ఒకేసారి గుండయ్య వైపు తిరిగాయి.

"ఏం పాడాలె?" అన్నాడు నగేష్.

"పదమూడో ఎక్కం. అయ్యగారైనా, పాస్టరైనా, ఇమామ్ సాబైనా అంతే. అందరి దేవుళ్లకంటే పదమూడో ఎక్కం పెద్దది. నేను అప్పీలుకు పోతున్న!"

అప్పుడు లేచింది గోల! నగేష్ లేచాడు, చర్చి పెద్దమనుషులు లేచారు, మూల కూర్చుని ఉస్మానియా బిస్కెట్ నంజుకుంటున్న మసీదు ముసలాయన కూడా లేచాడు. "దేవునికంటే ఎక్కం పెద్దదా?" "దిమాగ్ ఖరాబైందా సేటూ?" శాలిబండలో అన్ని మతాలూ ఒక్క మాట మీదికి రావడం ఆ హోటల్ ఎన్నడూ చూడలేదు.

సావిత్రమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. పిల్ల అట్లా ఏడుస్తుంటే ఈ మనిషికి ఎక్కం ఎట్లా గుర్తొచ్చింది? రాయికైనా ఇంతకంటే మనసుంటుంది!

రాత్రి కంచం ఆయన ముందు ఠంగున పెట్టింది. "సిగ్గు లేదా నీకు? స్వీటీ నీ చేతుల ఆడుకున్న పిల్ల."

గుండయ్య పప్పు వైపు చూస్తూ, "పదమూడు నాల్గుల ఎంత?" అని అడిగాడు. ఆమె కంచం లాగేసుకుంది.

మర్నాడు పొద్దున ఆయన దుకాణం తెరవలేదు. ఒక స్టూలు భుజాన వేసుకుని బడి గేటు దగ్గరికి పోయి, దాని మీద ఎక్కి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు.

"పదమూడొకట్ల పదమూడు! పదమూడు రెండ్ల ఇరవయ్యారు! పదమూడు మూళ్ల... మూళ్ల... నలభై!"

పిల్లలు విరగబడి నవ్వారు. హెడ్‌మాస్టరమ్మ అమల బయటికొచ్చి, "సేటుగారూ, ప్రార్థన సంగతి దేవుడెరుగు, ముందు ఎక్కం అన్నా సరిగ్గా చదవండి," అని దండం పెట్టింది. మధ్యాహ్నానికి గల్లీ అంతా ఆయన ముచ్చటే. ఆండాలు పరుగెత్తుకుంటూ దుకాణానికి వచ్చింది. "వదినా, మీ ఆయనకు గాలి గిట్ల సోకిందా? తాయత్తు కట్టించు!" సామాన్లు కొనే ఆడవాళ్లు ముఖం తిప్పుకుని పక్క దుకాణానికి పోయారు. చర్చివాళ్లూ, గుడివాళ్లూ వేర్వేరుగా వచ్చి ఆయన మీద సావిత్రమ్మకు ఫిర్యాదు చేశారు. ఇజ్జత్ మొత్తం మంట గలిసింది. సావిత్రమ్మ మొగుడితో మాట్లాడటం మానేసింది.

ఆ మరుసటి పొద్దున లొల్లి ఇంకా పెరిగింది. బడి గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. నగేష్ ఉన్నాడు, చర్చి దోస్తులున్నారు, ఆండాలు ముందు వరసలో ఉంది. అందరూ స్టూలు మీది గుండయ్యను దిగమని అరుస్తున్నారు. సావిత్రమ్మ దుకాణం మెట్టు మీద నిలబడి, భూమి చీలితే బాగుండనుకుంటోంది.

అప్పుడే గల్లీలోంచి ఆటో ఒకటి నెమ్మదిగా బయటికొచ్చింది. వెనక సీట్లో స్వీటీ, తల్లి భుజంలో ముఖం దాచుకుని. పక్కన అల్లుడు. ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని డానియేలు, ఒళ్లో పాల ఫ్లాస్కు రెండు చేతులా పట్టుకుని, రోడ్డు వైపే సూటిగా చూస్తూ. ఆస్పత్రికి పోతున్నారు.

ఆటో వైపు తిరిగి చూసినవాళ్లు ఒక్కరు లేరు. జనమంతా ఆటోకు వీపు పెట్టి, గుండయ్య వైపు వేళ్లు చూపిస్తున్నారు. ముందు వరసలోని ఆండాలు మెడ కొద్దిగా ఇటు తిరగబోయింది. స్టూలు మీంచి గుండయ్య అది చూశాడు. ఆటోను కూడా చూశాడు.

"పదమూడు ఏడ్ల!" అని గొంతు చించుకున్నాడు. "ఎనభై! కాదన్నోడు దేవునికి దుష్మన్!"

"తొంభై ఒకటి!" అని జనమంతా ఒక్కసారి గర్జించారు. ఆండాలు అందరికంటే గట్టిగా గర్జించింది. ఆ గర్జనలో ఆటో రోడ్డెక్కి, బస్సు వెనక మలుపు తిరిగి మాయమైంది.

సావిత్రమ్మ మెట్టు మీదే కూర్చుండిపోయింది. రెండు రోజులుగా స్వీటీ పేరు ఈ గల్లీలో ఒక్క నోట వినబడలేదు. ఇప్పుడు తట్టిందామెకు.

మధ్యాహ్నం ఆయన గొంతు పోయి ఇంటికొచ్చాడు. ఆమె మిరియాల పాలు ఇచ్చింది.

"కావాలనే చేసినవు గదా?"

"ఏంది చేసింది? ఎక్కం మంచిదే," అని బొంగురుగా అన్నాడు.

"సరే, ఇంట్ల మనిద్దరమే ఉన్నం. చెప్పు. పిల్ల చేసింది తప్పా, ఒప్పా? నీ తీర్పేంది?"

గుండయ్య పాల గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"నాకు తెల్వది సావిత్రీ. పిల్లకు ఆకలైతదేమో, జర చారు పంపు."

సావిత్రమ్మకు జీవితంలో ఇంతకంటే పెద్ద షాకు తగల్లేదు. మొగుడు ఒక విషయంలో ఏ పక్కకూ పోకపోవడం అదే మొదటిసారి.

స్వీటీ ఇంటికొచ్చింది. నెమ్మదిగా లేచి తిరుగుతోంది. బడి ప్రార్థన లొల్లి హెడ్‌మాస్టరమ్మ అమలకే వదిలేశారు. గుండయ్య గొంతు మాత్రం రాలేదు. ఆయన్ను ఇంట్లో పడుకోబెట్టి, సావిత్రమ్మే గల్లా మీద కూర్చుంది.

ఒక పూట ఆండాలు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను వెంటేసుకుని ఇడ్లీ పాత్ర చూడటానికొచ్చింది. పాత్ర చేతిలో తిప్పుతూ గొంతు తగ్గించింది.

"అవును గని వదినా, ఆ డానియేలు బిడ్డ సంగతి..."

స్వీటీ అప్పుడే ఎదురుగా కిరాణా కొట్టుకు వస్తోంది. చేతిలో సంచి. చాన్నాళ్లకు బయట కాలుపెట్టింది. హోటల్లో రెండు బల్లలూ ఇటు చూడటం మొదలుపెట్టాయి.

సావిత్రమ్మ ఇన్నేళ్లలో దుకాణంలో ఎవరితోనూ వాదించి ఎరగదు. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టి ఎరగదు. లేచి నిలబడింది. రోడ్డవతలికి వినబడేలా గొంతెత్తింది.

"నన్నడిగితే బిర్యానీల ఆలుగడ్డ వెయ్యాలె!"

ఆండాలు చేతిలోంచి ఇడ్లీ పాత్ర గలగలమని పడింది. హోటల్లో కుర్చీలు వెనక్కి జరిగాయి. నగేష్ రోడ్డు మీదికి వచ్చేశాడు, ఆయన వెనకే డానియేలు. వాళ్లిద్దర్నీ తోసుకుంటూ హోటల్ యజమాని గరిటతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, హైదరాబాద్‌ల ఉండి ఏం మాట్లాడుతున్నరు? బిర్యానీల ఏం వెయ్యాలె?"

కిరాణా కొట్టులో స్వీటీ నిదానంగా ఉల్లిగడ్డలు ఏరుకుంటోంది.

"ఆలుగడ్డ," అంది సావిత్రమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "పెద్దపెద్దయి. మస్తుగ."