పదిహేనేళ్ళ డిటెక్టివ్ చేసిన తప్పు

ఈరోజు ఆదివారం. పోయిన సోమవారం మా పక్కింటి తెలుగు టీచరమ్మ, ఆసుపత్రికి తీసుకెళ్ళిన సాయంత్రమే, మంచిర్యాలలో చనిపోయింది. ఆమె కూతురు ఫోన్ చేసి "పెద్దమ్మా, అమ్మ లేదు" అన్నది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.

ఆమె రాసిన ఐదు పుస్తకాలూ చదివిన పిల్లలు అప్పటినుంచి గోదావరిఖని, శ్రీరాంపూర్ కాలనీల నుంచి అడుగుతూనే ఉన్నారు, ఆరోది వస్తుందా రాదా అని. వస్తుంది. కానీ దానికి రెండు ముగింపులున్నాయి. ఏది అచ్చు వేయాలో తేల్చే పని నా మీద పడింది. ఎందుకు పడిందో, ఏం తేల్చానో అందరికీ తెలియాలని రాస్తున్నాను. కథ కొంత ముందే చెప్పక తప్పదు. పిల్లలు మన్నించాలి.

మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆమె తెలుగు, నేను లెక్కలు. నా తరగతిలో బెత్తం ఉండేది. ఆమె గొంతు చాలా చిన్నది, అల్లరి చేస్తే పాఠం వినపడదని పిల్లలు తామే ఊరుకునేవారు. నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు నేను తప్పుల కింద గీత గీసేదాన్ని, ఆమె బాగున్న వాక్యం కింద గీసేది. మరి తప్పులెవరు దిద్దాలని ఒకసారి గట్టిగానే అడిగాను.

"మీరున్నరు కదక్కా" అన్నది.

రిటైరయ్యాక పక్కపక్క ఇళ్ళలో ఉన్నాం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో రాయి పేల్చే బ్లాస్టింగ్ వేళ అయ్యేసరికి ఆమె మాట్లాడుతూనే లేచి, పుస్తకాల బీరువా అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడేది. ఇల్లు ఒక్కసారి అదిరి ఆగేది. ఆమె వచ్చి కూర్చుని, ఎక్కడ వదిలిందో ఆ మాట దగ్గరే మళ్ళీ అందుకునేది.

ఆమె పుస్తకాల సంగతి తెలియనివారి కోసం చెబుతాను. మా వయసువాళ్ళు అద్దె పుస్తకాల దుకాణాల్లో తెచ్చుకుని చదివిన పాకెట్ నవలల్లో ఒక పేరున్న డిటెక్టివ్ ఉండేవాడు. నలభై దాటిన మనిషి, చక్కెర లేని చాయ్ తాగుతాడు, ఎవరినీ నమ్మడు. దోషి ఎవరో తెలిశాక మాత్రం నలుగురిలో పేరు చెప్పడు. ఆ మనిషిని ఒక్కడినే లోపలి గదిలోకి పిలిచి, తలుపు వేసి, అప్పుడు చెబుతాడు. అది ఆయన గొప్పతనమని మేమంతా అనుకునేవాళ్ళం. ఈయన చిన్నప్పుడు బడికి పోలేదా టీచర్ అని ఆమె తరగతిలో ఎవరో అడిగారట. ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఆ నవలల రచయిత ఇంటివాళ్ళ దగ్గర అనుమతి తీసుకుని, ఆ డిటెక్టివ్ పదమూడో ఏట నుంచి మొదలుపెట్టింది. అతన్ని మన బొగ్గుబావుల కాలనీలో, నైట్ షిఫ్టు కార్మికుడి కొడుకుగా పుట్టించింది.

నైట్ షిఫ్టు ఇళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. తండ్రి పగలంతా పడుకుంటాడు. పిల్లలు గిన్నె చప్పుడు కూడా కానివ్వరు. ఆమె పుట్టి పెరిగిన క్వార్టర్ల వరుసలో ఒక పద్ధతి ఉండేదట. గొళ్ళేనికి తువ్వాల కట్టి ఉందంటే లోపల డ్యూటీ దిగి వచ్చిన మనిషి నిద్రలో ఉన్నట్టు, ఎవరూ తలుపు కొట్టకూడదు. అలాంటి ఇంట్లో పిల్లలు ఏదైనా తెలుసుకోవాలంటే అడగడానికి వీలుండదు, చూసి తెలుసుకోవాలి. ఆమె డిటెక్టివ్ అలా తయారయ్యాడు. "అడిగితే సగం చెప్తరు, సూస్తే మొత్తం కనబడ్తది" అని అతని చేత అనిపించింది. మన పిల్లలు ఆ మాటను బడి గోడల మీద కూడా రాశారు.

రాసిన ప్రతి అధ్యాయం ముందు నా దగ్గరికి వచ్చేది. నేను వేళలు చూసేదాన్ని. రాత్రే దిగాల్సిన సెకండ్ షిఫ్టు మనిషిని పొద్దున్నే టిఫిన్ డబ్బాతో ఇంటికి రప్పిస్తే ఒప్పుకునేదాన్ని కాదు. "నీ దొంగకు రెండు డ్యూటీలు ఏసినవేంది" అనేదాన్ని. ఆమె నవ్వి దిద్దుకునేది. ఐదు పుస్తకాల్లో ఒక్క షిఫ్టు సైరన్ కూడా తప్పు వేళకు మోగలేదని నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

ఆరో పుస్తకంలో అతనికి పదిహేనేళ్ళు. కాలనీలో ఒక సైకిలు పోతుంది. పక్కింటి కాక ఆ పూట ఇంట్లోనే నిద్రపోయానంటాడు, గొళ్ళేనికి తువ్వాల కూడా ఉంది. కానీ పిల్లవాడు గుమ్మంలో చెప్పులు లేవని చూస్తాడు. కాక రోజూ డ్యూటీకని బయలుదేరి బావి దాకా పోవడం లేదని కూడా కనిపెడతాడు. నల్లా దగ్గర అందరూ నీళ్ళు పట్టుకునే వేళ ఆ మాట పైకి అంటాడు. కాక అబద్ధమాడిన మాట నిజమే. సైకిలు మాత్రం ఆయన తీయలేదు. నాగాలు ఎక్కువై పని పోయింది, ఇంట్లో చెప్పలేక రోజూ రాత్రి డబ్బా పట్టుకుని బయలుదేరి పొద్దున వస్తున్నాడు, ఆ పూట తువ్వాల కట్టి వేరే పని వెతుక్కోవడానికి పోయాడు. ఆ సాయంత్రం నల్లా దగ్గర అందరికీ తెలిసిపోతుంది. కాక ఊరు విడిచి వెళ్ళిపోతాడు.

చదివి నాకు కోపం వచ్చింది. పిల్లలు చదివే పుస్తకంలో డిటెక్టివ్ ఒక అమాయకుణ్ణి వెళ్ళగొట్టడమేమిటన్నాను. పైగా కథ అతకడం లేదన్నాను.

"బావిలకు దిగకుంటే బట్టలకు బొగ్గంటదా? ఉతికేటోళ్ళకు తెల్వకుంటదా?"

ఆమె కాసేపు కాగితాల అంచులు సమం చేస్తూ కూర్చున్నది. "తెలుస్తదక్కా" అన్నది. తర్వాత, "తప్పు జెయ్యకుంటే పెద్దయినంక తలుపేసి మాట్లాడే అలవాటు ఆయనకేడికెల్లి వస్తది?" అన్నది.

ఒప్పుకోలేదు నేను. పిల్లవాడు సమయానికి నిజం తెలుసుకుని నోరు మూసుకున్నట్టు మార్చమన్నాను. వాదించకుండా కాగితాలు తీసుకుపోయింది. కొన్ని వారాలకు మార్చి తెచ్చింది. సైకిలు దొరికింది, అనుమానించినందుకు కాక క్షమించాడు, అందరూ చాయ్ తాగారు. వేళలన్నీ సరిపోయాయి. బాగుందన్నాను. ఆమె సరేనన్నది.

శుక్రవారం ఆమె కూతురి ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థనలయ్యాక ఆమె తమ్ముడు రెండు మాటలు మాట్లాడతానని లేచాడు. చిన్నప్పుడు తమ తండ్రికి పని పోయిందని, నెలల తరబడి ఇంట్లో చెప్పలేదని మొదలుపెట్టాడు. నేను తల దించుకుని వింటున్నాను.

"మా బాపు రోజూ బొగ్గు నింపే రైలు సైడింగు కాడ కూసోని, బట్టలకు బొగ్గుపొడి రాసుకొని వచ్చేటోడు. ఉతికేది మా అక్క. అంగీకి బొగ్గుంది, లోపటి బనీనుకు లేదు. నల్లాకాడ అందరు ఉన్నరు. బాపు, నీ బనీను తెల్లగున్నదేంది అని అడిగింది. చిన్నపిల్ల, ఏం తెలుసు? బాపు గా రాత్రే బెల్లంపల్లికి మా మేనత్తింటికి పోయిండు. మల్ల మా ఇంటి గడప తొక్కలే."

ఆయన కూర్చోబోయి మళ్ళీ నిలబడి, "గిది మా అక్క ఎవ్వలకు చెప్పలే. ఇగ దాచుడు సాలు. రాసేటోళ్ళు రాయిండ్రి" అన్నాడు. నా వైపు చూడలేదు, కానీ ఆ మాట నాకే అని తెలిసింది.

బట్టలకు బొగ్గంటదా అని నేను అడిగిన రోజు ఆమె నాతో చెప్పబోయిందో లేదో ఇక తెలియదు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె తన గురించి తనంతట తాను నా చేతికిచ్చిన మాట ఆ మొదటి ముగింపొక్కటే. నేను దాన్ని లెక్కలో తేడాలాగా చూసి వెనక్కి ఇచ్చాను.

నిన్న కూతురు రెండు కట్టలూ తెచ్చి, "ఏది పంపాలె పెద్దమ్మా?" అని అడిగి వెళ్ళింది. తొమ్మిదో తరగతి చదివే నా మనవరాలికి రెండూ ఇచ్చాను. ఏది ముందు రాసిందో, ఏది నేను మార్పించిందో చెప్పలేదు. పొద్దున వచ్చి, నేను మార్పించిన కట్ట నా ఒడిలో పెట్టి, "అమ్మమ్మా, గిందుల పిలగానికి ఏం కాలే. గిట్లయితే ఆయన డిటెక్టివ్ ఎందుకయితడు?" అన్నది. మొదటి కట్ట గురించి అడిగాను. కాక ఎక్కడికి పోయాడు, పిల్లవాడు పెద్దయ్యాక వెతికాడా అని తిరిగి నన్నే అడిగింది.

ఇక జరగవలసినవి:

1. మొదటి ముగింపే అచ్చు కావాలి. అందులో ఒకచోట సైరన్ వేళ తప్పింది. అంతవరకు దిద్దుతాను, దానికి ఆమె ఏమీ అనేది కాదు. ఇంకొక అక్షరం ముట్టను.

2. నేను మార్పించిన ముగింపును చింపకూడదు. కూతురి దగ్గర ఉండాలి. అది కూడా ఆమె చేతిరాతే.

3. పుస్తకం మొదటి ప్రతి తీసుకుని నేనే స్వయంగా ఆమె తమ్ముడి ఇంటికి వెళ్ళాలి.

4. ఆసుపత్రికి బయలుదేరిన రోజు పొద్దున ఆమె ఉతికి ఆరేసిన నీలం చీర ఇంకా వరండాలో తీగ మీదే ఉంది. ఇల్లు తాళం వేసి ఉంది. రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక దాని మీద సన్నగా బొగ్గుపొడి దిగుతోంది. దాన్ని తీసి, మళ్ళీ ఉతికి, మడతపెట్టి కూతురికి ఇవ్వాలి. రోజూ తీగ దాకా వెళుతున్నాను. అంచు పట్టుకుని నిలబడి, వదిలేసి వస్తున్నాను.