ముసలామె కొంగులో మా బాబు పేరు

ఇంగ్లీషువాళ్ళ కాలం. బిలాస్‌పూర్ స్టేషన్ మూడో తరగతి హాల్లో బండి కోసం కూర్చున్నాను. ఒళ్ళో మా బాబు జ్వరంతో కాలిపోతున్నాడు. పక్కనున్న ముసలామె వాడి నుదుటి మీద చెయ్యేసి, "పేరేటమ్మా? ప్రార్థనలో తలుచుకుంతాను" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నెల్లాళ్ళుగా మోకాళ్ళ మీదే ఉన్నాను మామ్మా. ప్రభువుకి వినిపిస్తేనా!"

"నువ్వలిసిపోనావు. ఇక నాను సేత్తాను" అంటూ కొంగుకి ముడేసింది. అప్పటికే ఆ కొంగు నిండా ముడులు. "ముడికో పేరమ్మా. నయమైందని కబురొచ్చేదాకా ఇప్పను."

"యోహాను" అన్నాను విసురుగా. బండొచ్చింది, ఎక్కేశాను.

మూడో రోజు వాడు పోయాడు.

ఆమె మాత్రం వాణ్ణి బాగుచెయ్యమని ఇంకా అడుగుతూనే ఉండుంటుంది. ముడి విప్పెయ్యమని కబురు పెడదామంటే, ఆమెది ఏ ఊరో కూడా అడగలేదు నేను.