అడవికంద రుచి చూసే పెద్దమ్మ

మార్గశిరంలో అడవికంద ఆకు ఎండి నేల వాలుతుంది. దుంప తవ్వి కూర వండుకునే రోజులవే. సాలూరు అవతల కొండవార ఊళ్ళో ఉండే మా పెద్దమ్మ రమ్మని కబురుపెట్టింది. అమ్మ పోయాక ఆ కూర ముఖం చూడలేదు నేను.

నెల్లిమర్ల నుంచి విజయనగరం వచ్చి, పొద్దున్న ఆరున్నరకు ఆర్టీసీ కాంప్లెక్సులో సాలూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టిక్కెట్టు. సీటు మాత్రం మోచేతి బలం మీదే దొరుకుతుంది. పక్కనున్న ముసలామె నేనెందుకు వెళ్తున్నానో విని, "సింతపండు బాగా ఎయ్యకపోతే గొంతు పట్టేస్తాది తల్లీ," అంది. సాలూరులో లారీల మధ్య ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పదింటికి ఊరు చేరాను.

పెద్దమ్మ చేతులకు నూనె రాసుకుని కంద తరుగుతోంది. నోట్లో అడ్డపొగ, అంటే నిప్పున్న కొస లోపలికి పెట్టి కాల్చే చుట్ట. ముక్కలు పులుసులో ఉడికాయి. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఒక పెద్దావిడ ముందు ఓ ముక్క నమిలి, కాసేపాగి, బాగుందన్నాకే మిగతావాళ్ళు తినాలి. ఆమె అన్నాక వంక పెట్టకూడదు. ఆ వీధికి ఆ పెద్దావిడ మా పెద్దమ్మే. నమిలింది, కూర్చుంది. "దురద నేదు, తినండి," అంది.

రెండో ముద్దకే నా గొంతులో ముళ్ళు దిగాయి. కూడా తింటున్న పక్కింటి కోడలు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మింగుతోంది. పెద్దమ్మ మాత్రం హాయిగా తింటోంది. ఆమెకు దురద తెలియడమే లేదని నాకు భయమేసింది. వెలుతురులోకి తీసుకెళ్ళి నోరు తెరిపించాను. చుట్ట నిప్పు సెగ తగిలే అంగిట్లో తెల్లగా గట్టిపడ్డ మచ్చ, మధ్యలో పుండు.

"నొప్పి లేదా పెద్దమ్మా?"

"ఏటీ తెల్దు. కారం తెల్డం మానేసి ఏడాదైనాది. ముసిల్దాన్ని కదా అనుకున్నాను."

విజయనగరం పెద్దాస్పత్రికి పోదామన్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని నవ్వేసింది. నువ్వు కదిలేదాకా నేనూ కదలనని గుమ్మంలో కూర్చున్నాను. చివరికి సంచి సర్దుకుంది.

సాలూరులో మూడింటి బస్సు. రామభద్రపురం దాటేదాకా పెద్దమ్మ ఒళ్ళోని సంచి ముడి విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉంది. పుండు గురించి దిగులనుకుని చెయ్యి పట్టుకున్నాను.

"నిరుడు కూడా అందరి కందా నానే రుసి సూసినాను," అంది మెల్లగా. "ఒక్కలూ దురదని అన్లేదు. నా మాట మీద మింగేసినారు. పిల్లలేడిస్తే, ఏసాలని కొట్టి తినిపించినాం."

నాకు ఏడుపొచ్చింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొకటే. అక్కడ కంద పెడితే తినండి. గొంతు దురదేస్తే మాత్రం మర్యాదకు మింగకండి, రుచి చూసినామెకు చెప్పండి.