పద్మ కంప్యూటరు మూగబోయిన వారం

మా వీధిలో కోపిష్టి ఎవరంటే అందరూ నన్నే చూపిస్తారు. మగ్గం గుంతలో కూర్చున్నా నా నోరు వీధి మలుపు దాకా వినబడుతుందని మా ఆయనే అంటాడు. కానీ ఆ వారం పక్కింటి పద్మను చూశాక, నాది కోపం కాదు, ఒట్టి అరుపేనని తెలిసింది.

పద్మకు పుట్టుకతోనే చూపు లేదు. అన్న యేసేపు, వదిన అంజలి దగ్గర ఉంటుంది. యేసేపు ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో మూటలు మోస్తాడు. అంజలి చేల్లో కూలికి పోతుంది. పద్మ కర్నూలులో చూపు లేని పిల్లల బడిలో చదివి, అక్కడే ఒక సారు దగ్గర కంప్యూటరు నేర్చుకుంది. మూతబడిన ఆఫీసొకటి పారేయబోయిన కంప్యూటరును ఆ సారే ఇప్పించాడు. అందులో ఉండేది అందరికీ తెలిసిన విండోస్ కాదు, లినక్స్. తెర మీద ఏముందో చదివి వినిపించే ప్రోగ్రాము దాంట్లో ఊరికే వస్తుందట. మౌసు అనేదాన్ని పద్మ ముట్టనే ముట్టదు. వేళ్లు కీబోర్డు మీద, చెవులు ఆ గొంతు మీద. అంతే ఆమె పని.

ఆ గొంతు ఉందే, జలుబు చేసిన ముసలాయన రేకు డబ్బాలో నుంచి మాట్లాడినట్టు ఉంటుంది. మొదట్లో నాకు తల నొప్పి వచ్చేది. రానురాను అది వినబడకపోతే తెల్లారినట్టే ఉండేది కాదు. నా మగ్గం చప్పుడు గోడకు అటు పోతుంది, దాని గొంతు ఇటు వస్తుంది. ఆ యంత్రానికి డాక్టరూ, కాపలాదారూ అన్నీ పద్మే. అప్‌డేట్లు పెడుతుంది, చోటు నిండిపోతే పాతవి ఊడ్చేస్తుంది, ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవులో దాచుకుంటుంది. అన్నావదినలు సినిమాలు చూసుకోవడానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టిచ్చింది. వాళ్ల సినిమాకు తన గొంతు అడ్డం రాకూడదని అంత జాగ్రత్త. వీళ్లు ఆమె విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో చెబుతాను వినండి.

ఈమధ్య బెంగళూరు కంపెనీ ఒకటి పద్మకు పని ఇచ్చింది. రైతులు మాట్లాడిన రికార్డింగులు పంపుతారు. విని, తెలుగులో టైపు చేసి పంపాలి. మొదటి విడత శుక్రవారం సాయంత్రానికి చేరితే పని నిలబడుతుంది, చేరకపోతే ఇంకొకరికి పోతుంది. ముప్పై దాటాక, తన పేరు మీద దొరికిన మొదటి పని అది. ఆ సంతోషంలో ఆదివారం మాధవరంలో బంధువుల ఇంట్లో ప్రార్థన ఉంటే పోయి, రాత్రి అక్కడే ఉండి, సోమవారం పొద్దున్నే వచ్చింది.

ఆ పొద్దున గోడ అవతల గొంతు లేదు. పోయి చూస్తే పద్మ కీబోర్డు ముందు కూర్చొని నొక్కిందే నొక్కుతోంది. గొంతు పోయిందంది. ఇయర్‌ఫోను పెట్టినా లేదట. రికార్డింగులూ వినబడవట. ఫోనులో వినొచ్చు కదా అన్నాను. విని పేజీలకు పేజీలు ఆ గాజు మీద టైపు చేసేదెట్లా అని నా మీదే విసుక్కుంది. నిజమే కదా.

యేసేపు వచ్చి తెర చూశాడు. లైటు వచ్చింది, బొమ్మ వచ్చింది, ఇంకేం కావాలన్నాడు. పద్మ ఓర్పుగా ఏదో టైపు చేసి, తెర మీద ఏముందో ఒక్క అక్షరం వదలకుండా చదవమంది. అతను సగం వరుస కూడబలుక్కొని, మిగతాదంతా ఇంగ్లీషే, తప్పేం కనబడలేదని లేచిపోయాడు. యార్డుకు పొద్దయిందట. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చదువుదామంటే నాకు తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు.

పోయిన వారం పెట్టిన అప్‌డేట్ మీద పద్మకు అనుమానం. సాయంత్రం దాకా ఏవేవో టైపు చేసి, యంత్రాన్ని ఆపి, మళ్లీ వెలిగించి, మళ్లీ టైపు చేసింది. తను కొట్టింది సరిగ్గా పడిందో లేదో చెప్పే గొంతు లేకుండా చేసే మరమ్మతు అది. చీకటి గదిలో సూదికి దారం ఎక్కించమంటే మనకెట్లా ఉంటుందో, ఆమెకు అట్లా ఉండింది.

చివరికి మంగళవారం ఆదోని షాపుకు తీసుకుపోదామనుకున్నాం. వైర్లు తానే ఊడదీస్తానని పద్మ చెయ్యి చాపితే యేసేపు ఆ చెయ్యి పట్టుకొని పక్కకు జరిపాడు. షాక్ కొడుతుందట, ఆమె చూసుకోలేదట. ఇన్నేళ్లూ ఆ వైర్లన్నీ పెట్టిందీ తీసిందీ ఎవరనుకున్నాడో మరి. ఆ కంప్యూటరు పెట్టెను పాత చీరలో మూటగట్టి బస్సులో పద్మ ఒళ్లో పెట్టుకుంది. యేసేపు యార్డుకు పోయాడు, తోడు నేను పోయాను.

ఆదోని షాపులో కుర్రవాడు పద్మను ఎగాదిగా చూసి, ఆమెకు ఏం కావాలంట అని నన్ను అడిగాడు. పద్మ చెప్పింది. అతను విని, ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉందని మళ్లీ నన్నే అడిగాడు. అతనే షాపు తెరకూ స్పీకర్లకూ వైర్లు పెట్టి వెలిగించాడు. వెలిగించిన కాసేపటికి ఆ ముసలి గొంతు షాపంతా వినబడేట్టు పలికింది. కుర్రవాడు పకపకా నవ్వాడు. ఇంట్లో స్పీకరు స్విచ్చి వేయడం మరిచిపోయి ఉంటారట. అయినా ఈ లినక్స్ ఎవరికి కావాలి, ఫార్మాట్ కొట్టి, ఉన్నదంతా చెరిపేసి విండోస్ వేసేస్తే పీడ పోతుందని, నాతోనే చెబుతూ దాని మీద చెయ్యి వేశాడు.

పద్మ తడుముకుంటూ పోయి ఆ చెయ్యి దొరకబుచ్చుకొని పక్కకు తోసింది. "అన్నా, నన్ను సూసి మాట్లాడు. కండ్లు లేంది నాకు, నీకు కాదు. ఇది నాది, దీంట్లో ఉండేది నా పని," అంది.

అతనికి నోట మాట రాలేదు. నాకు మాత్రం వచ్చింది. ఆ బజారులో నలుగురూ ఆగి వినేట్టు తిట్టి, మూటగట్టుకొని బస్టాండుకు వచ్చేశాం. దారంతా పద్మ ముఖం వెలిగిపోతూ ఉండింది. గొంతు బతికే ఉంది కదా, అది చాలంది.

సాయంత్రం యార్డు నుంచి వచ్చాక యేసేపు మళ్లీ ఆమెను పక్కకు జరిపి, ఎక్కడి వైర్లు అక్కడ తానే పెట్టాడు. వెలిగిస్తే ఏముంది, గొంతు లేదు. పద్మ బల్ల మీద రెండు చేతులతో గుద్దింది. ఆదోనిలో పలికింది ఎమ్మిగనూరులో ఎందుకు పలకదని పళ్లు కొరికింది. యేసేపు అనుమానం వేరు. షాపులో పలికిందన్నది నిజమేనా అని నన్ను అడిగాడు. అంటే ఆమె చెప్పింది చాలక నా సాక్ష్యం కావాలి. నేనేమన్నానో ఇక్కడ రాయను.

మర్నాడంతా అదే పోరు. గురువారం పొద్దున యేసేపు యార్డుకు పోతూ, వెళ్తూ వెళ్తూ ఇంకో మాట పారేసిపోయాడు. తెలిసిన కుర్రవాడితో మాట్లాడాడట. శుక్రవారం పొద్దున వచ్చి ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తాడట. "నేను మాట్లాడినాలే, నువ్వు గమ్మునుండు," అన్నాడు. చెల్లెలికి ఏదో మేలు చేసినట్టు చెప్పి పోయాడు.

పద్మ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆ సాయంత్రం నేను పోయేసరికి కీబోర్డు ముందు నిటారుగా కూర్చొని గబగబా టైపు చేస్తోంది. ఏం రాస్తున్నావంటే, బెంగళూరు కంపెనీ మేడమ్‌కు ఈ పని వద్దని రాస్తున్నానంది. నేను వద్దు వద్దంటుంటే వినిపించుకోలేదు. రాయడం అయిపోయాక చేతులు ఒళ్లో పెట్టుకొని, తను వినకుండా ఏదీ ఎప్పుడూ పంపలేదని, దీన్ని వినకుండా పంపాల్సి వస్తోందని అంది. అప్పుడు ఏడ్చింది, అది కూడా కోపంతోనే.

సరిగ్గా అప్పుడే అంజలి చేను నుంచి వచ్చింది. అలిసిపోయిన మనిషి, మా ఇద్దరినీ చూడనైనా చూడలేదు. ఈ గొడవలో వారమంతా ఎవరూ ముట్టని గోడ టీవీ రిమోట్ తీసుకొని నొక్కింది. పద్మ కళ్లు తుడుచుకొని, రాసినదాని మొదటికి పోవడానికి మీట నొక్కింది.

"మేడమ్ గారికి నమస్కారం. ఈ పని వేరేవాళ్లకు ఇవ్వండి," అంది టీవీ.

అదే ముసలి గొంతు, టీవీలో నుంచి, వీధిలోకి వినబడేంత గట్టిగా. అంజలి చేతిలో రిమోట్ కింద పడింది. పద్మ మాత్రం కదల్లేదు. తల కొంచెం అటు తిప్పి, కిందికి పోయే మీట నొక్కింది.

"నాకు చేతకాక కాదు. దీన్ని బాగుచేసుకొనే తెలివి నాకుంది."

యార్డు నుంచి వచ్చిన యేసేపు గడప దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు చేతిలోనే ఉండిపోయింది. పద్మ మళ్లీ నొక్కింది.

"కానీ మా ఇంట్లో దీని మీద చెయ్యి వేసేటప్పుడు నన్ను అడగాలని ఎవరికీ తోచదు. నా విషయంలోనూ అంతే. చెయ్యి పట్టి లేపుతారు, కూర్చోబెడతారు. ఎక్కడికో చెప్పరు."

ఆ గొంతుకు ఏడుపు తెలీదు, కోపం తెలీదు. ధరల పట్టిక చదివినా అట్లాగే చదువుతుంది. అందుకేనేమో వినేవాళ్లకు తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

"మా అన్న చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి బయటపడేదాన్ని."

యేసేపు లోపలికి వచ్చి నిలబడ్డాడు. అంజలి రిమోట్ తీసి టీవీ ఆపబోతే వద్దని చెయ్యి ఊపాడు.

పద్మ అతని వైపు తిరగకుండానే అడిగింది. "ఈ టీవీకి దీన్నుంచి వైరు ఎవరు పెట్టినారు?"

ఆదివారం తానే పెట్టానని యేసేపు నీళ్లు నమిలాడు. ఆమె మాధవరం పోయిందని, పెద్ద తెర మీద సినిమా చూద్దామని పెట్టాడట. మళ్లీ తీయలేదట. ఆదోని నుంచి వచ్చాక కూడా ఉన్నది ఉన్నట్టు పెట్టేశాడట.

"నాకు సెప్పల్యా ఎందుకు?"

"నీకు టీవీతో ఏం పనిలే అనుకుంటి," అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది, తల దించుకున్నాడు.

సంగతి ఇంతే. టీవీకి వైరు తగిలించగానే కంప్యూటరు బొమ్మతో పాటు గొంతును కూడా అటే పంపడం మొదలుపెట్టింది. టీవీ ఆపేసి ఉన్నా అటే. ఆదోని షాపులో టీవీ లేదు, అందుకే అక్కడ స్పీకర్లలో పలికింది. అంటే సోమవారం నుంచి ఆ గొంతు ఒక్క క్షణం కూడా ఊరుకోలేదు. పద్మ నొక్కిన ప్రతి అక్షరాన్నీ ఆపేసిన టీవీకి చెప్పుకుంటూనే ఉంది. మొదటిరోజు చదవమన్న ఆ వరుసల్లో ఈ ముక్క రాసే ఉందట. ఆ మాట పద్మ చెబుతుంటే నాకు యేసేపును ఆ చెంబుతోనే ఒకటి వేయాలనిపించింది.

పద్మ బల్ల కింద వంగి, వెనక వైర్లన్నీ ఒక్కొక్కటే తడిమి, కొత్తగా తగిలినదాన్ని పీకేసింది. టీవీ నల్లబడింది. మీట నొక్కితే బల్ల మీది చిన్న స్పీకర్లలో నుంచి గొంతు వచ్చింది. "ఇట్లు, పద్మ."

యేసేపు చెంబు కింద పెట్టి అడిగాడు. "పంపిచ్చినావా అది?"

"పంపల్యా. చేరాల్సినోళ్లకు చేరింది," అని ఆమె రాసినదంతా చెరిపేసింది. వైరును చుట్టి తన బట్టల పెట్టెలో పెట్టుకుంది. సినిమా కావాలంటే అడగమంది, ఇస్తుందట. "రేపు వచ్చే పిల్లోనికి ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందర."

యేసేపు ఫోను తీశాడు. అవతలివాడు ఏమన్నాడో తెలీదు. ఇతను మాత్రం కాసేపు విని, గొంతు సవరించుకున్నాడు. "వద్దప్పా, రావొద్దు. కంప్యూటరు మా చెల్లెలిది. ఆమె వద్దంటాంది," అన్నాడు.

ఆ మాట పూర్తిగా విన్నాకే పద్మ రికార్డింగు పెట్టింది. ఎవరో రైతు, వాన ఎప్పుడు పడిందో, వేరుశనగ ఎట్లా ఎండిందో చెప్పుకుపోతున్నాడు. ఆమె వేళ్లు అతని వెంట పరుగెత్తాయి.

శుక్రవారం పొద్దు వాలకముందే పని బెంగళూరు చేరింది. పద్మ యేసేపుతో ఎప్పటిలాగే మాట్లాడుతోంది, అది ఆమె ఇష్టం. నేను మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.