భులూకి కట్టిన పెట్టె

"కుక్కని పంపుతన్నావా, పాతిపెడతన్నావా?" అని తవిటమ్మ మొగుణ్ణి అడిగింది.

గవరయ్య విసుక్కున్నాడు. కలకత్తా రేవు పక్క వాట్‌గంజ్‌లో ఓడ సరుకుకి చెక్కపెట్టెలు కట్టేవాడతను. లోపలి సరుకు ఇసుమంత కదిలినా పెట్టె దండగేనని అతని లెక్క. భవానీపూర్ నుంచి కెనడాకి వెళ్లిపోతున్న బోసుబాబు తన కుక్క భులూకి పెట్టె చెయ్యమంటే, దాన్ని పడుకోబెట్టి కొలిచి, ఒంటికి అతికినట్టు కట్టాడు.

విమానాశ్రయం గుమాస్తా ఆ పెట్టెను తిప్పి పంపేశాడు. కుక్క లోపల నిలబడాలట, చుట్టూ తిరగాలట.

"ఎల్లుండే ప్రయాణం దాదా! భులూ రాకపోతే మా అమ్మాయి కదలనంటోంది," అన్నాడు బోసుబాబు.

"తిరగడానికి ఇదేటి, మైదానమా?" అని సణుగుతూనే గవరయ్య కొత్త చెక్క అరువు తెచ్చి మళ్లీ కట్టాడు. వీధి గోడల మీద కార్మికుడికి ఎర్రరంగుతో జేజేలు రాసున్నాయి. చెక్క ఖరీదు ఎవరిస్తారో మాత్రం ఎవరూ రాయలేదు.

భులూ పెట్టెలోకెళ్లి, ఒక చుట్టు తిరిగి, హాయిగా పడుకుంది.

"సూసినావా, ఇప్పుడు నిద్దరోతాది," అంది తవిటమ్మ. గవరయ్యకి ఒళ్లు మండింది.

ఈసారి గుమాస్తా ఒప్పుకున్నాడు, కుక్క విమానమెక్కింది. మొదటి పెట్టె తప్పు నీదేనంటూ బోసుబాబు ఒక్కదానికే డబ్బిచ్చి వెళ్లాడు. కలప దుకాణానికి గవరయ్య ఇంకా ఎనభై రూపాయలు బాకీ.