తువ్వాలు కింద చెయ్యి

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఉక్కకు మెలకువ వచ్చింది. మే నెల ఆదివారం, ఎల్‌బీ నగర్‌లో మా ఇల్లు. అంతకు నిమిషం ముందు నేను గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఉన్నాను. మామిడి కుప్పల మధ్య మా అన్న ముంజేతి మీద తువ్వాలు వేసుకొని, నా వైపు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ మార్కెట్ అక్కడినుంచి తరలిపోయి ఏళ్లయింది. అన్న పోయి నాలుగు నెలలు. ఈ రెండు సంగతులూ నాకు కలలోనే గుర్తున్నాయి. అది కల అని కూడా తెలుసు. దానికోసమే మూడు నెలలుగా సాధన చేస్తున్నాను.

అన్న ఆ మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. రైతు తెచ్చిన మామిడికి కొనేవాళ్లతో ధర కుదిర్చేవాడు. ఆ బేరంలో నోరు విప్పేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవారు. ఏ వేలు పట్టారో, ఎన్ని వేళ్లు ఒత్తారో అదే మాట. పక్కనున్నవాడికి తెలిసేది కాదు. నేను అది నేర్చుకోలేదు. నాది దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ లైబ్రరీ ఉద్యోగం. "అన్ని బుక్కులు ఒస్తయ్ గానీ తమ్మీ, నీ చేతులకు మాటలు రావు" అనేవాడు.

చివరి రోజు దవాఖానలో అన్న గొంతులో గొట్టం ఉంది. దుప్పటి కింద నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. మూడు వేళ్లు ఒత్తాడు. తర్వాత నా వేళ్లన్నీ పిడికిలిగా ముడిచి, ఆ పిడికిలిని నా వైపు నెట్టాడు. చలేస్తోందేమో అనుకున్నాను. అతని చెయ్యి లోపల పెట్టి దుప్పటి మెడదాకా కప్పాను. సాయంత్రానికి పోయాడు. పదో రోజున ఎవరో భుజమ్మీది తువ్వాలు తీసి దులుపుతుంటే అప్పుడు తట్టింది. అన్న నాతో మాట్లాడాడు. నేను జవాబివ్వలేదు.

అప్పటినుంచి కళ్లు మూస్తే గొట్టమే కనిపించేది. నిద్రంటే భయం పట్టుకుంది. లైబ్రరీలో దొరికినవి చదివాను. కల కంటూ ఉండగానే ఇది కల అని తెలిస్తే దాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారు. అలా తెలిసినవాడు పీడకలలోంచి పారిపోనక్కర్లేదనీ, ఆగి చూడగలడనీ, పోయినవాళ్లతో మాట్లాడినవారూ ఉన్నారనీ రాశారు. పద్ధతి చిన్నదే. మెలకువలో రోజుకు పదిసార్లు చేతి వేళ్లు లెక్కపెట్టుకొని, ఇది కలా అని నిజంగా ప్రశ్నించుకోవాలి. ఆ అలవాటు కలలోకీ వస్తుంది. అక్కడ లెక్క కుదరదు, దాంతో అది కల అని తెలిసిపోతుంది. నేను మెట్రో ప్లాట్‌ఫారం మీద లెక్కపెట్టుకున్నాను, లైబ్రరీ బల్ల దగ్గర లెక్కపెట్టుకున్నాను.

"ఏందయ్యా, పొద్దుగాలకెల్లి వేళ్లే సూస్కుంటున్నవ్? ఎవలన్న ఎత్కపోతరా?" అంది, అన్న పోయాక మా ఇంట్లోనే ఉంటున్న వదిన.

"అలవాటైంది వదినా."

"మీ అన్నకు గిదే రోగముండె. నిద్రల నా వేళ్లు వట్టి ధర కట్టెటోడు."

కరెంటు పోయిన ఆ ఆదివారం కలలో లెక్కపెడితే ఆరు వేళ్లు వచ్చాయి. ఆ తర్వాత గొట్టం కల మళ్లీ రాలేదు. నిద్ర పట్టసాగింది. ఆ మేలు నేను కాదనను. కానీ సెలవు రోజుల్లో మధ్యాహ్నం పడుకుంటే మార్కెట్ వచ్చేది. అక్కడ చప్పుడు లేదు. అన్ని కుప్పలున్నా మామిడి వాసన లేదు. తువ్వాళ్ల కింద చేతులు పెట్టుకున్న మనుషులందరూ అటు తిరిగి ఉండేవారు. అన్న ఒక్కడే నన్ను చూసేవాడు. నేను చెయ్యి లోపల పెట్టి, "ఏమన్నావన్నా?" అని అడిగేవాణ్ని. మూడు వేళ్లు ఒత్తి, పిడికిలి ముడిచి నెట్టేవాడు. ప్రతిసారీ అంతే. కాయల కింద పరిచిన వరిగడ్డి మొదటిసారి అన్న చీలమండల దాకా ఉంది, నాలుగోసారికి మోకాళ్ల దాకా వచ్చింది. ఆరోసారి నడుము దాకా.

అప్పుడు సరూర్‌నగర్‌లో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పండ్ల కొనుగోలుదారు. అన్నతో ఇరవై ఏళ్లు చెయ్యి కలిపినవాడు. సంగతి చెప్పబోతే ఆపాడు.

"నోటితోని చెప్తే నాకు సమజ్ గాదు. చెయ్యి తే."

భుజమ్మీది తువ్వాలు మా చేతుల మీద వేశాడు. అన్న చేసినట్టే చేశాను. ఆయన తువ్వాలు తియ్యకుండానే చెప్పాడు.

"మూడంటే ఆఖరి మాట. పిడికిలి నెట్టిండంటే, నేను ఇడిచిపెట్టిన, నువ్వు పో అని. మరి నువ్వేం జేసినవ్?"

"దుప్పటి కప్పాను."

"ఒక్కపారి ఒత్తి ఇడవాలె బిడ్డా. ఒత్తకుంటే బేరం నిలవడే ఉంటది. మా దాంట్ల గా మనిషి కుప్ప కాడికెల్లి కదలొద్దు."

అది మార్కెట్ మర్యాద మాత్రమేనని నాకు తెలుసు. కలలో అన్న చేసేదంతా నా బుర్రలోదేనని కూడా చదివాను. అయినా మూడు ఆదివారాలు మధ్యాహ్నం పడుకోలేదు. ఒత్తి వదిలితే మళ్లీ కనిపించడేమోనని భయం.

నాలుగో ఆదివారం పడుకున్నాను. గడ్డి అన్న ఛాతీ దాకా ఉంది. చెయ్యి మాత్రం చాపే ఉంచాడు. మూడు వేళ్లు, పిడికిలి, నెట్టడం. నేను ఒక్కసారి ఒత్తి వదిలేశాను. అన్న తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. గడ్డిలోంచి తేలిగ్గా బయటికి వచ్చి, కుప్పల వరుస చివర మలుపు తిరిగాడు. నా చెయ్యి చూసుకున్నాను. కలలోనే ఉన్నా, ఈసారి అయిదు వేళ్లే ఉన్నాయి.

లేచి వదినకు అంతా చెప్పాను. ఆమె తన చెయ్యి ఒకసారి చూసుకొని, టీ పెట్టడానికి లేచింది.

నేనిప్పుడు వేళ్లు లెక్కపెట్టుకోవడం లేదు.