సాల వెనక గోడ

వానలు మొదలయ్యాక వచ్చే తొలి సంత రోజున బయటివాళ్లెవరూ మా గూడెంలో నిద్ర చేయకూడదు. ఇది మా ఊరి కట్టుబాటు. మాకు మంచి రోజులు చూసి చెప్పే పెద్దాయన్ని దిసారి తాత అంటాం. ఈ కట్టుబాటు తన తాతల నాటిదని ఆయన వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నిజానికి అది పుట్టి కొన్నేళ్లే అయింది. దాన్ని కల్పించింది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటు ఉన్నా అందులో కూడా రాయలేదు. ఈ ఉదయం కొత్త సాల దగ్గర నాన్న సిమెంటు కలుపుతున్న చప్పుడు వినబడింది. పార రాతి మీద గీసుకునే ఆ చప్పుడు విన్నాక ఇంట్లో ఉండలేక, కాఫీ మొక్కల మధ్యకి వచ్చి కూర్చుని రాస్తున్నాను.

అనంతగిరి పైన, కొండకి వీపు ఆనించినట్టుండే మా పాత పశువుల సాలని మా సొంత తాత కట్టాడు. మట్టి గోడలే, కానీ వెనక గోడ అడుగున మాత్రం మట్టి పెట్టకుండా ఒట్టి రాళ్లు పేర్చాడు. ఆ రాళ్ల సందుల్లోంచి కొండ ఊట లోపలికి వచ్చి, నేల మీద వాలుగా పారి, పశువుల పంచితాన్ని కూడా తోసుకుంటూ ముందువైపు కాలవలోకి పోయేది. తాత పోయాడు, తరవాత పశువులూ పోయాయి. ఒక ఏడాది కాఫీ కాయ ఎర్రబడకముందే రాలిపోతే నాన్న ఏం చేయాలో తోచక సాలలో కూర్చునేవాడు. బొర్రా గుహలు చూడ్డానికి వచ్చినవాళ్లు రాత్రికి గది దొరుకుతుందా అని అడగడం మొదలుపెట్టింది అప్పుడే. నాన్న తొట్లు పీకేసి, నేల గచ్చు చేయించి, రేకుల మీద గడ్డి కప్పించి మంచాలు వేశాడు. పశువులు పడుకున్న చోట మనుషులు పడుకోవడానికి వస్తారంటే అమ్మ చాలా రోజులు నమ్మలేదు. మొదటి గెస్టులు వచ్చినప్పుడు వాళ్లకేదో అన్యాయం చేస్తున్నట్టు గుమ్మంలో నిలబడే ఉంది.

వాళ్లకి అన్నీ నచ్చాయి, రాళ్ల సందుల్లోంచి వచ్చే కప్పలు తప్ప. ఒకావిడ కప్పని చూసి మంచమెక్కి నిలబడింది. కప్ప కూడా భయపడి ఆవిడ చెప్పులో దూరింది. ఆ మర్నాడే నాన్న సందులన్నీ సిమెంటుతో మూసేశాడు. కప్పలు ఆగిపోయాయి. వాటితో పాటు ఇంకేం ఆగిపోయిందో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

మా వైపు పండగలకి గోడలు ఎర్రమట్టితో అలుకుతాం. నాన్న గెస్టులు వచ్చిన ప్రతిసారీ అలికించేవాడు. పై భాగం అమ్మ, కింది భాగం నేను. తడి ఆరకముందే వచ్చినవాళ్లు ఆ గోడ పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లు. వెనక గోడ అడుగున బీట తీసిన సంగతి అందుకే నాకు మాత్రమే తెలుసు. అలికే ముందు దానిలో మట్టి కూరేది నేను కదా. మొదట వేలి కొస పట్టేది, తరవాత వేలు, తరవాత నాలుగు వేళ్లూ. కూరి, పైన నున్నగా పాముతాను. నాన్న వచ్చి చూసేసరికి గోడ పెళ్లికూతురిలా ఉంటుంది.

"నాన్నా, ఎనక గోడ బీట పెద్దదౌతంది" అన్నాను ఒకసారి.

"మట్టిగోడన్నాక బీట తియ్యదేటే గుంటా? పుస్తకాలు సదివి సదివి గోడలక్కూడా జబ్బులు సూత్తన్నావు."

"దాని జబ్బు దానిది," అంది అమ్మ. "మడిసి కనబడితే గోడెనక దాక్కుంటది గదా. ఆ గోడ పడిపోతే ఎక్కడ దాక్కోవాలని దాని బెంగ."

అందులో అబద్ధం లేదు. గెస్టులతో నేను మాట్లాడేది ఒక్కటే మాట, "వేడినీళ్లు రెడీ." వాళ్లు మరిచిపోయి వదిలేసిన పుస్తకాలు మాత్రం ఒక్కటి కూడా పోనివ్వకుండా చదివేదాన్ని. గది ఖాళీగా ఉన్నప్పుడు వెనక గోడ కింద కూర్చునే చదివేదాన్ని. ఆ యేడు వానలు మొదలయ్యాక వీపుకి గోడ చల్లగా తగిలింది. చెవి ఆనించి విన్నాను. లోపల పశువు నీళ్లు తాగుతున్నట్టు, ఆగి ఆగి, గుటకలు. మా ఇంట్లో పశువులు లేక చాలా కాలమైంది.

ఆ వారంలోనే విశాఖపట్నం నుంచి ఒకావిడ చిన్న కూతురితో వచ్చింది. పాప మంచం వెనక గోడకి ఆనుకునే ఉంది. మర్నాడు పొద్దున్న నేను టీ తీసుకెళ్తే పాప దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అక్కా, ఈ గోడలో ఎవరో నీళ్లు తాగుతున్నారు" అంది. వాళ్లమ్మ నవ్వింది. నేను టీ కప్పు కింద పెట్టడానికి చోటు వెతుక్కున్నాను.

నాన్న దగ్గరికి పరిగెత్తాను. "రేపు ఆళ్లెల్లిపోనాక సూద్దాం," అన్నాడు తల ఎత్తకుండా. "గోడ పడతాదని ఇప్పుడు నోరిప్పితే మనింటికి ఇంకెవులొత్తారు? ఎల్లి ఆ బీట మట్టెట్టి మూసెయ్, బేగి."

వాళ్లు బయట ఫొటోలు తీసుకుంటుంటే వెళ్లి మట్టి పెట్టాను. ఎంత పెట్టినా నిలవలేదు. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. లోపల గోడ లేదు, చల్లటి బురద ఉంది, అది నా వేళ్లని మెల్లగా పీల్చుకుంటోంది. చెయ్యి లాక్కుని, కడుక్కోకుండానే ఆవిడ దగ్గరికి వెళ్లాను. గోడ సంగతి చెబితే నాన్న పరువు పోతుంది, గది మూతపడుతుంది. చెప్పకపోతే ఆ రాత్రి పాప ఆ మంచం మీదే పడుకుంటుంది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

"మేడమ్, ఈ రాత్రి మీరు ఇక్కడ ఉండకూడదు. వానలు మొదలయ్యాక ఇది తొలి సంత రోజు. బయటివాళ్లు నిద్ర చేస్తే మా కొండదేవత ఒప్పుకోదు."

"నిన్న చెప్పలేదేమ్మా?"

"దిసారి తాత ఇవాళే చూసి చెప్పాడు."

ఆవిడ నన్ను చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుంది. నాన్నకీ అదే చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. కానీ దిసారి మాటకి మా ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు. వాళ్ల సంచి తనే కారు దాకా మోశాడు. దిసారి తాత అప్పటికే సంతకి వెళ్లిపోయాడు గనక సరిపోయింది.

తెల్లవారుతుండగా బస్తాలు దింపినట్టు ఒక చప్పుడు. వెళ్లి చూస్తే వెనక గోడ మొత్తం లోపలికి పడి ఉంది. దాని మీదుగా, ఇన్నాళ్లూ దారి లేక ఆగిన నీళ్లు తీరిగ్గా పారుతున్నాయి. పాప మంచం కోడు ఒకటి మాత్రం మట్టిలోంచి పైకి కనబడుతోంది. నాన్న పందుంపుల్ల నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రాత్రి సంతలోనే ఉండిపోయిన దిసారి తాత పొద్దెక్కి వచ్చేసరికి నాన్న ఆయన కాళ్ల మీద పడ్డాడు. "తాతా, నువ్వు సెప్పబట్టి గానీ, లేపోతే ఆ సంటిది ఏటైపోను?"

తాత గోడని చూశాడు, మంచం కోడుని చూశాడు, అమ్మ వెనకాల ఉన్న నన్ను కూడా ఒకసారి చూశాడనుకుంటాను. చుట్ట తీసి, నింపాదిగా వెలిగించాడు. "తల్లి సెప్పింది," అన్నాడు పొగ వదులుతూ. "నేను సెప్పేను."

అప్పటినుంచి ఏటా ఆ రోజున దేవతకి కోడిని కోస్తారు. ఆ పూట ఊళ్లో ఏ ఇంట్లో దిగిన గెస్టులనైనా పంపేస్తే వాళ్లు కూడా ఎంతో గౌరవంగా వెళ్తారు. కట్టుబాటు బాగానే ఉంది. కానీ నాన్న ఇప్పుడు అదే చోట, అదే కొండకి ఆనించి కొత్త సాల కడుతున్నాడు. నిన్న సాయంత్రం అన్నాను, అడుగున రాళ్ల సందులు వదిలెయ్యమని.

"కప్పలొత్తే మళ్లీ గోలే. మూసెయ్యాలి," అన్నాడు.

"మళ్లీ గోడ పడిపోతేనో?"

"పడిపోయే రోజొత్తే తల్లి సెప్పదేటి? అప్పుడు సెప్పింది గదా."

రాత్రంతా నిద్ర పట్టలేదు. నీళ్లకి సంత రోజు ఏదో తెలియదు. దిసారి తాత పరువు, నాన్న మొక్కు, ఊరి నమ్మకం అన్నీ ఒక పక్క. ఇంకో పక్క, వెనక గోడకి ఆనించి రేపు వేయబోయే మంచం. నేను గోడని అలికినట్టే కాలం అబద్ధాన్ని అలుకుతుంది. పైన నున్నగా ఉంటుంది, లోపల బీట పెరుగుతూనే ఉంటుంది.

పార చప్పుడు ఆగింది. సిమెంటు ఇంకా ఆరి ఉండదు. ఇప్పుడే వెళ్లాలి. నాన్నకి ఎలా చెప్పాలో తెలియదు, చెబితే నమ్ముతాడో లేదో కూడా తెలియదు. ఆ తొలి సంత రోజున నేను కారు తలుపు వేస్తుంటే పాప వాళ్లమ్మ అద్దం దించి, మణికట్టు దాకా ఎర్రమట్టి ఎండిపోయి ఉన్న నా చేతిని పట్టుకుంది. పాపకి వినబడకుండా అంది, "మీ దేవత మాట నేను నమ్మలేదమ్మా. నీ చెయ్యి చూసి వెళ్తున్నాను."